ఉప్పు దేనికి ప్రతీక?

ఆ గురువారం ఉదయం సుధారాణి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పదకొండో తరగతికి ఒక అమెరికన్ కవిత చెప్పాలి. వెనక బెంచీలో కూర్చోబోయే సూపర్‌వైజర్ చేత ఒక మంచి మాట అనిపించుకోవాలి. సాయంత్రం భర్త నాగేంద్రప్రసాద్‌తో ఎగైలా మాల్‌కు వెళ్ళి హాలు కిటికీకి పరదాలు కొనుక్కోవాలి. మూడింటిలోనూ కష్టమైనది పరదాలేనని ఆమె అనుకుంది. నాగేంద్రప్రసాద్‌కు ఏ రంగూ నచ్చదు.

ఆమెది రాజంపేట పక్క పల్లె. కాపురం గల్ఫ్‌లో. ఫింటాస్‌లోని ఒక ప్రైవేటు పాఠశాలలో ఇంగ్లీషు చెబుతోంది. ఆ ఏడాది సిలబస్‌లో పాత అమెరికన్ కవితలు, కథలు వచ్చాయి. పిల్లలు వాటిని చదవడం మానేసి విప్పడం నేర్చుకున్నారు. నది కనిపిస్తే కాలం, పక్షి కనిపిస్తే ఆత్మ, తెలుపు వస్తే చావు, నలుపు వచ్చినా చావే. గత వారం ఒక కథలో ముసలి నావికుడి టోపీ గాలికి కొట్టుకుపోతే, అమెరికా తన అమాయకత్వాన్ని పోగొట్టుకుందని తరగతి అంతా ఏకగ్రీవంగా తేల్చింది. పాపం, ముసలాయన టోపీ పోయిందే అని మాత్రం ఎవరూ అనలేదు.

ఆ రోజు కవితలో ఒక ముసలి రైతు ఉన్నాడు. పొలాల మధ్య ఒంటరి ఇల్లు. భార్య పోయింది. ఆమె బతికి ఉండగా ఉప్పుజాడీని కిటికీ పక్కన పెట్టేది. అతనికేమో పొయ్యి పక్కన ఉంటే వీలు. కాపురం చేసినన్నాళ్ళూ దాని గురించి పోట్లాడుకున్నారు. ఇప్పుడు ఇల్లంతా అతనిదే, జాడీని ఎక్కడ పెట్టుకున్నా అడిగేవాళ్ళు లేరు. అయినా వండుకునే ప్రతిసారీ పొయ్యి దగ్గర నుంచి కిటికీ దాకా నడిచి వెళ్ళి ఉప్పు తెచ్చుకుంటాడు. కవిత అక్కడితో అయిపోతుంది.

"ఉప్పు దేనికి ప్రతీక?" అని సుధారాణి అడిగింది. తరగతిలో మాటలన్నీ ఇంగ్లీషులోనే.

"కన్నీళ్ళకు" అన్నది ఒక పిల్ల. "సముద్రానికి" అన్నాడు ఒకడు. "వలస పాలనకు" అన్నాడు స్వాతంత్ర్యోద్యమం మీద ప్రాజెక్టు చేస్తున్నవాడు. సైన్సులో మొదటి మార్కులు తెచ్చుకునే పిల్లవాడు లేచి "సోడియం క్లోరైడ్‌కు" అన్నాడు, నవ్వకుండా.

వెనక బెంచీలో సూపర్‌వైజర్ ఏదో రాసుకుంది. పాఠాన్ని విద్యార్థుల జీవితంతో ముడిపెట్టాలని ఆవిడ ప్రతి సమావేశంలోనూ చెబుతుంది. సుధారాణికి ఆ మాట గుర్తొచ్చింది. కిటికీ పక్కన ఒక తెలుగు పిల్ల తల వంచుకుని కూర్చుంది. పేరు రాధ. ఈ ఏడాదే వేరే బడి నుంచి వచ్చింది. అడిగితే తప్ప నోరు విప్పదు.

"రాధా, మీ ఇంట్లో ఉప్పు ఎక్కడ పెడతారు?"

రాధ లేచి నిలబడింది.

"మా ఇంట్లో ఉప్పు లేదు మిస్."

తరగతి గొల్లున నవ్వింది. రాధ కూడా నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయి, ఏడుపై బయటికి వచ్చింది. మామూలు ఏడుపు కాదది. బెంచీ పట్టుకుని వంగిపోయి, ఊపిరి తిరగనంతగా ఏడ్చింది. నవ్విన పిల్లలు బిక్కచచ్చిపోయారు. సూపర్‌వైజర్ పెన్ను మూసి, చప్పుడు కాకుండా బయటికి వెళ్ళిపోయింది. జీవితంతో ముడిపెట్టడం విషయంలో టీచర్ ప్రయత్నం సంతృప్తికరం అని ఆవిడ రాసినట్టు సుధారాణికి మధ్యాహ్నం తెలిసింది.

విద్యార్థుల బాగోగులు చూడడానికి బడి ఆఫీసులో యాస్మిన్ అని ఒకామె ఉంటుంది. కడప మనిషి. మనసు మెత్తన, తొందర ఎక్కువ. రాధను ఆమె దగ్గరికి పంపారు. యాస్మిన్ నీళ్ళు ఇచ్చి, వీపు నిమిరి, ఏం జరిగిందని అడిగింది. రాధ వెక్కిళ్ళ మధ్య చెప్పిన మాటలు రెండే. ఇంట్లో ఉప్పు లేదు. బాపు కంపెనీ క్యాంటీన్ నుంచి పొట్లాలు తెస్తాడు.

యాస్మిన్ గబగబా సుధారాణి దగ్గరికి వచ్చింది. "మేడం, ఆ పిల్ల ఇంట్లో ఏమీ లేదంట. వాళ్ళ నాయన క్యాంటీన్లో మిగిలింది పొట్లాలు కట్టుకోని వస్తాండాడంట."

"అమ్మ ఏం జేస్తాదంట?"

"అమ్మ మాటెత్తితే ఇంకా గట్టిగా ఏడుస్తాంది. నేను అడగలేకపోయినా."

సుధారాణి అన్నం డబ్బా మూసేసింది. అంతమంది ముందు ఆ పిల్ల పేదరికాన్ని బయట పెట్టించింది తనే. ఎవరినైనా సలహా అడగాలి. ఆమె తమ పై అంతస్తులో ఉండే వెంకటేశ్వరికి వాయిస్ మెసేజ్ పెట్టింది. "అక్కా, మా బళ్ళో ఒక తెలుగు పిల్ల ఉండాది. వాళ్ళింట్లో ఉప్పు గూడా లేదంట. వాళ్ళ నాయన జలంధర్ అని, ఏసీల కంపెనీలో ఫోర్‌మన్. బయటికి తెలీకుండా ఏమన్నా సాయం చెయ్యాల. నువ్వే ఆలోచించి చెప్పు."

వెంకటేశ్వరి మంచి మనిషి. ఆమెకు చిరునామా తెలియని తెలుగు కుటుంబం ఫహాహీల్ నుంచి షర్క్ దాకా లేదు. ఆమె ఆ మెసేజ్‌ను తాను నడిపే ఆడవాళ్ళ గ్రూపులో పెట్టి, కింద ‘ఎవరికీ చెప్పకండి’ అని రాసింది.

ఎవరికీ చెప్పని ఆ విషయం మధ్యాహ్నం దాటేసరికి బాగా ఎదిగింది. ఉప్పు లేదంటే బియ్యం ఉంటాయా అని ఒకామె అడిగింది. జీతం రాక ఎన్నాళ్ళయిందో అని ఇంకొకామె బాధపడింది. ఆమె భర్త దానికి కారణం ఊహించాడు. యజమాని అయిన కఫీల్ అతని ఇఖామా, అంటే దేశంలో ఉండే అనుమతి, రద్దు చేసి ఉంటాడని. ఆ ఊహ ఇంకో గ్రూపులోకి వెళ్ళేసరికి వార్త అయింది. ఫలానా ఏసీల కంపెనీ మనుషులను పస్తులు పెడుతోందని, ఒక ఫోర్‌మన్ బిడ్డ బళ్ళో ఆకలితో కళ్ళు తిరిగి పడిపోయిందని.

ఆ ఫోర్‌మన్ అప్పుడు షర్క్‌లో ఒక ఆఫీసు భవనం మిద్దె మీద, ఎండలో, కంప్రెసర్ విప్పుతున్నాడు. జలంధర్‌ది జగిత్యాల దగ్గర పల్లె. జీతం నెలనెలా వస్తుంది. ఇఖామాకు ఢోకా లేదు. మధ్యాహ్నం అన్నం, చికెన్ తిని ఉన్నాడు. ఫోన్ మోగింది. కంపెనీ పత్రాల వ్యవహారాలు చూసే మందూబ్.

"జీతం ఇవ్వడం లేదని ఊరంతా చెబుతున్నావట. ఇక్కడ ఇష్టం లేకపోతే చెప్పు, ఖలాస్, కాగితాలు చేతిలో పెట్టి పంపిస్తాం" అన్నాడు మందూబ్ అరబ్బీలో.

జలంధర్‌కు వచ్చిన అరబ్బీ కంప్రెసర్లకు సరిపోతుంది కాని ఇలాంటి నిందలకు సరిపోదు. "లా, లా", కాదు కాదు, అని అంటుండగానే ఫోన్ ఆగిపోయింది. వెంటనే మళ్ళీ మోగింది. ఈసారి యాస్మిన్.

"అన్నా, నేను బడి నుంచి మాట్లాడ్తాండా. మీ పాప కొంచెం ఏడ్చింది. ఉప్పు గురించి."

"ఉప్పు తక్కువైందా? డాక్టరుకు సూపిచ్చిండ్రా?"

"ఒంట్లో కాదన్నా. ఇంట్లో."

జలంధర్ చేతిలోని పానా కింద పెట్టాడు.

"మా ఇంట్ల ఉప్పుతోని మీకేం పని మేడం?" అన్నాడు.

అతను పని మధ్యలో దిగి బడికి వచ్చేశాడు. వరండాలో రాధ సంచి పట్టుకుని నిలబడి ఉంది. సుధారాణి ఎదురువచ్చి, అంతా తన తప్పేనని చెప్పడానికి నోరు తెరిచింది.

"మీరేనా ఉప్పు టీచరమ్మ?" అన్నాడు జలంధర్. గొంతు పెంచలేదు. "మా ఇంట్ల ఏమున్నదో ఏం లేదో అందరి ముంగట అడుగుడేంది? చదువు చెప్పుమని పంపిన గని ఇల్లు సోదా చెయ్యుమని పంపలె. ఇప్పుడు నా నౌకరికే ఎసరొచ్చింది."

"అన్నా, నేను కవిత గురించి అడిగినా. నిజంగా మీ ఇంట్లో..."

"వద్దు. వచ్చే వారం దీన్ని జగిత్యాలకు పంపుత. ఆడ మా అక్క ఉన్నది. ఆడ్నే చదువుకుంటది."

రాధ తల ఎత్తి తండ్రిని చూసింది. ఇద్దరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఆ పిల్ల ఏడ్చినప్పటికంటే, ఏడవకుండా అలా వెళ్ళిపోవడం సుధారాణికి ఎక్కువ భయం వేసింది.

సాయంత్రం నాగేంద్రప్రసాద్ కారు తాళాలు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. సుధారాణి అతనికి జరిగింది చెప్పింది.

"వాళ్ళింటికి పొయ్యి క్షమాపణ అడుగుదాం పా" అన్నది.

"మరి పరదాలు?"

"పరదాలు ఏడికీ పోవు. ఆ పిల్ల పోతాంది."

జలంధర్ ఉండే భవనం ఫింటాస్‌లోనే, సముద్రం వైపు వెళ్ళే రోడ్డు మీద. వాళ్ళు చేరేసరికి కారు నిలపడానికి చోటు లేదు. ఏదో పెళ్ళి చూపులేమో అన్నాడు నాగేంద్రప్రసాద్. సుధారాణి ఆ కార్లలో ఒకదాన్ని గుర్తుపట్టింది. అది వెంకటేశ్వరిది. లిఫ్టు ఖాళీ లేక మెట్లెక్కుతుంటే, మెట్ల మీద బియ్యం మూటతో ఒకాయన, నూనె డబ్బాతో ఇంకొకాయన అలుపు తీర్చుకుంటున్నారు. జలంధర్ వాటా తలుపు ముందు వెంకటేశ్వరి, ఆమె వెనక వరండా నిండా ఆడవాళ్ళు.

"ఏందక్కా ఇది? బయటికి తెలీకుండా అన్యాను గదా."

"అందుకే గదమ్మే, ఎవురం గట్టిగా మాట్లాడకుండా వచ్చినాం" అన్నది వెంకటేశ్వరి గుసగుసగా.

ఉప్పు లేదన్న మాట అందరికీ మనసులో నాటుకుపోయినట్టుంది. వచ్చిన ప్రతి ఒక్కరూ మిగతావాటితోపాటు ఒక ఉప్పు ప్యాకెట్టు తెచ్చారు. ఉప్పు చేతికి చేతికి ఇస్తే పోట్లాటలొస్తాయి కాబట్టి, ఒక్కొక్కరే వంగి దాన్ని గడప ముందు పెట్టారు. జలంధర్ తలుపు తీసేసరికి అతనికీ ఆ జనానికీ మధ్య ఉప్పు గోడ లేచి ఉంది.

అతను ఉప్పును చూశాడు. బియ్యం మూటను చూశాడు. చివరికి మెట్ల దగ్గర నిలబడ్డ సుధారాణిని చూశాడు.

"నేను ఎవ్వలనన్న అడుక్కున్ననా?" అన్నాడు.

వరండాలోని వాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు. వెంకటేశ్వరి మాత్రం కష్టంలో ఉన్నవాళ్ళు ముందు ఇలాగే అంటారని ఎరిగిన మనిషి. "అట్లనగాకు నాయనా, అందురమూ ఒకటే గదా" అంటూ ఉప్పు గోడను దాటుకుని, అతని పక్క నుంచి లోపలికి వెళ్ళింది. ఆమె వెనక మిగతావాళ్ళూ వెళ్ళారు. అంతమంది ఆడవాళ్ళను తోసెయ్యలేక జలంధర్ తలుపు పట్టుకుని నిలబడిపోయాడు.

వంటింట్లో వెంకటేశ్వరి ఆశ్చర్యపోయింది. డబ్బాల నిండా బియ్యం, కందిపప్పు. ఫ్రిజ్‌లో కూరగాయలు. సింకు పక్కన ఒక గాజు గిన్నెలో క్యాంటీన్లో ఇచ్చే చిన్న చిన్న ఉప్పు పొట్లాలు. దాని పక్కనే మూతపెట్టిన పింగాణీ జాడీ. ఆమె మూత తీసి చూసింది. లోపల ఉప్పు, తేమకు గడ్డకట్టి రాయిలాగా ఉంది.

"ఇదేంది, ఉప్పుండాది గదా. గట్టిపడిపొయ్యింది, అంతే. దీన్ని పారబోసి కొత్తది పోస్తా" అని జాడీ ఎత్తింది.

"ముట్టకుండ్రి."

ఆ మాట రెండు గొంతుల్లో వచ్చింది. ఒకటి తలుపు దగ్గర జలంధర్‌ది. ఇంకొకటి పడక గదిలోంచి వచ్చిన రాధది. తండ్రీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ జాడీ సంగతి తనకొక్కదానికే పట్టిందని రాధ, తనకొక్కడికే పట్టిందని జలంధర్, ఇన్నేళ్ళుగా అనుకుంటూ వచ్చారు.

వెంకటేశ్వరి జాడీని ఉన్నచోటే పెట్టింది.

"మా ఆమె పోసిన ఉప్పు" అన్నాడు జలంధర్. ఎవరి వైపూ చూడలేదు. "గంగామణి. వాళ్ళ చెల్లె కాన్పుకని ఊరికి పొయింది. పొయ్యేముందు డబ్బలన్ని నింపి పొయింది. ఆడ జొరమొచ్చింది. కరీంనగర్ల దవఖానల ఏసిండ్రు. ఇక్కడ కర్ఫ్యూ, విమానాలు బంద్. ఫోన్లనే సూసినం అంత. మా తమ్ముడు కొరివి పెడుతుంటె నెట్టు ఆగిపొయింది. బొమ్మ అట్లనే నిలవడ్డది."

ఉప్పు ఎక్కడ పెడతారని తాను అడిగిన ప్రశ్న సుధారాణి చెవుల్లో ఇప్పుడు వేరేగా వినిపించింది.

"ఎవ్వలు రాలె" అన్నాడు జలంధర్. "ఎట్ల వస్తరు, బయట పోలీసులు. తప్పు ఎవ్వలది గాదు. నేను, ఇది, ఇద్దరమే. అప్పుడు ఇది చిన్నపిల్ల. పొద్దుందాక కూసున్నం. ఆకలైతుంది బాపు అన్నది. లేసి అన్నం వండిన. ఉప్పు కోసం మూత దీసిన. చెయ్యి రాలె. మూత పెట్టిన."

ఒక చిన్నపిల్ల ఏదో అడిగితే తల్లి దాని నోరు మూసింది.

వెంకటేశ్వరి రాధ దగ్గరికి వెళ్ళింది. కారణం అడగలేదు, ధైర్యం చెప్పలేదు. ఆ పిల్లను దగ్గరికి తీసుకుని, తల తన భుజానికి ఆనించుకుని, చావింట్లో పెద్దవాళ్ళు ఏడ్చేటట్టుగా గొంతెత్తి ఏడ్చింది. "మా తల్లీ, నిన్ను ఒక్కదాన్ని జేసి పొయ్యిందా" అన్నది. ఆ ఏడుపు ఆ ఇంట్లో జరగాల్సిన రోజున జరగలేదు. రాధ మొదట బిగుసుకుపోయింది, తర్వాత ఆమెను గట్టిగా పట్టుకుంది. వెనక ఉన్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే చాప మీద, మంచం మీద, నేల మీద కూర్చున్నారు. మెట్ల మీది మగవాళ్ళు బియ్యం మూట దించి లోపలికి వచ్చి గోడకానుకుని నిలబడ్డారు. జలంధర్ వాళ్ళ మధ్య చతికిలబడి, మోకాళ్ళ మీద ముఖం పెట్టుకున్నాడు. అతని భుజాలు చాలాసేపు కదులుతూనే ఉన్నాయి. నాగేంద్రప్రసాద్ పక్కన కూర్చుని, ఏం చెయ్యాలో తెలియక, అతని వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు.

మధ్యలో జలంధర్ ఫోన్ మోగింది. మందూబ్. నాగేంద్రప్రసాద్ అరబ్బీ బాగా మాట్లాడతాడు. ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళి, జీతం గొడవ ఏమీ లేదని, బళ్ళో ఒక కవిత చదివి ఆ పిల్ల చనిపోయిన తల్లిని తలుచుకుని ఏడ్చిందని, మిగతాదంతా జనం కల్పించిందని వివరించాడు.

"కవిత్వమా?" అన్నాడు అవతలి మనిషి. "ఆ మాట ముందే చెప్పొద్దూ. నేను కంపెనీ గురించనుకున్నాను." ఆ తల్లి ఆత్మకు శాంతి కోరి, ఫోన్ పెట్టేశాడు.

చావింట్లో పొయ్యి వెలిగించనివ్వరు, బయటివాళ్ళే వండి పెడతారు. తెచ్చిన బియ్యం ఎందుకు తెచ్చారో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. పక్క వాటా వాళ్ళను అడిగి వాళ్ళ పొయ్యి మీద అన్నం, చారు వండారు. గడప ముందున్న ప్యాకెట్లలో ఒకటి విప్పారు. తినేటప్పుడు వెంకటేశ్వరి రాధను అడిగింది.

"మీయమ్మ ఎట్టుండేది పాపా?"

రాధ తండ్రి వైపు చూసింది. ఆ ఇంట్లో ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు.

"పాటలు పాడేది. మాటలన్ని తప్పు పాడేది" అన్నది మెల్లగా.

"ఒక్క పాట సక్కగ రాకపోయేది" అన్నాడు జలంధర్. "సెప్తె కొట్లాటకొచ్చేది. సినిమా వాళ్ళే తప్పు పాడిండ్రని." అతను నవ్వాడు. నవ్వుతూనే మళ్ళీ ఏడ్చాడు. ఎవరో ఇంకేం చేసేదని అడిగారు. అతను చెప్పాడు. రాధ కాదని సరిదిద్దింది. ఇద్దరూ వాదించుకున్నారు. గంగామణిని ఎన్నడూ చూడని మనుషులు ఆ వాదన విని ముక్కు చీదుకున్నారు.

బయల్దేరే ముందు సుధారాణి క్షమాపణ చెప్పడానికి జలంధర్ ఎదురుగా నిలబడింది.

"టీచరమ్మా" అన్నాడు అతనే ముందుగా. "మా రాధ చెప్పిన పద్యంల ముసలాయన ఆఖరికి ఆ జాడీ ఏం జేసిండు?"

"తెలీదన్నా. అది చెప్పకుండానే అయిపోతాది."

"ఆయనకు బిడ్డలున్నరా?"

"కవితలో ఎవురూ లేరు."

జలంధర్ వంటింటి వైపు చూశాడు. "అయితె ఆయనకు ఇంక కష్టం" అన్నాడు. రాధను పంపే సంగతి సుధారాణి కళ్ళతోనే అడిగింది. అతను కూతురి వైపు చూసి, "టికెట్ సంగతి తర్వాత సూద్దాం" అన్నాడు. రాధ తల వంచుకుని పళ్ళాలు తీయసాగింది. ఆ ఇంట్లో తర్వాత చూద్దామన్నది ఏదీ ఎన్నడూ జరగలేదని ఆ పిల్లకు తెలుసు. ఆ సాయంత్రం అంతటిలో ఆమె ముఖం తేటపడింది అప్పుడే.

అందరూ వెళ్ళిపోయాక భవనం కాపలా చూసే హారిస్ పైకి వచ్చాడు. మెట్ల నిండా చెప్పులు విడిచారని, లిఫ్టు పాడు చేశారని, వరండాలో ఏడుపులని కింది అంతస్తుల వాళ్ళు ఫిర్యాదు చేశారని మందలించాడు. జలంధర్ చేతులు కట్టుకుని విని, మా ఇంట్లో ఇంకోసారి ఇలా జరగదని మాట ఇచ్చాడు.